పడమటి గోడకు గాజు వద్దు, పంచ కావాలి

సన్‌రూమ్ అంటే మూడు వైపులా గాజు గోడలతో, ఒక్కోసారి గాజు కప్పుతో కూడా, ఇంటికి ఆనించి కట్టే గది. అది చలిదేశాల్లో పుట్టింది. నెలల తరబడి ఎండ మొహం చూడని చోట, దొరికిన కాస్త వెచ్చదనాన్ని పట్టి ఉంచడమే దాని పని. ఎండ గాజులోంచి సులువుగా లోపలికి వస్తుంది. ఆ ఎండకు కాగిన నేల, గోడలు వదిలే వేడి మాత్రం గాజు దాటి అంత సులువుగా బయటికి పోలేదు.

గుంటూరు, నరసరావుపేట, చిలకలూరిపేట, ఒంగోలు కొత్త ఇళ్లలో బాల్కనీలకూ, ఎలివేషన్లకూ, డాబా మీది గదులకూ ఇప్పుడు ఇదే గాజు ఎక్కుతోంది. ఈ నేల మీద వెచ్చదనానికి కరువు లేదు. మే నెల వస్తే ఎండకు తాళలేక గుంటూరు మిర్చి యార్డే సెలవులు ప్రకటిస్తుంది. రెంటచింతల పేరు రాష్ట్రమంతటికీ తెలిసింది దాని ఎండలవల్లే. 2015 మే వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్‌లో 1,300 మందికి పైగా చనిపోయారు. ఎక్కువగా నష్టపోయిన జిల్లాల్లో ప్రకాశం, గుంటూరు ఉన్నాయి.

గాజు గది ఖర్చు మేస్త్రీ చెప్పే అంచనాతో అయిపోదు. 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 9 అడుగుల ఎత్తున్న గదికి మూడు వైపులా కలిపి 288 చదరపు అడుగుల గాజు పడుతుంది. అల్యూమినియం ఫ్రేముతో కలిపి చదరపు అడుగుకు 500 రూపాయలు వేసుకున్నా గోడలకే 1,44,000. పునాది, కప్పు, నేల, వైరింగు వేరే. ఇంటి చుట్టూ ఖాళీగా వదలాల్సిన సెట్‌బ్యాక్ స్థలంలోకి జరిగి కడితే ప్లానుకు విరుద్ధమవుతుంది. 2021 నుంచి పట్టణాల్లో ఇంటి పన్నును ఆస్తి విలువను బట్టి వేస్తున్నారు కాబట్టి, పెరిగిన కట్టడం ఏటా పన్నులోనూ కనిపిస్తుంది.

ఇదంతా ఒక ఎత్తు, కరెంటు బిల్లు ఒక ఎత్తు. ఆ గదికి 12 అడుగుల పక్క పడమరకు ఉంటే, అటు గాజు దాదాపు 10 చదరపు మీటర్లు. వేసవి సాయంత్రం నాలుగింటికి పడమటి గోడ మీద చదరపు మీటరుకు సుమారు 600 వాట్ల ఎండ పడుతుంది. మామూలు గాజు అందులో 80 శాతం దాకా లోపలికి వదులుతుంది. అంటే ఆ ఒక్క గోడ నుంచే 4.8 కిలోవాట్ల వేడి. ఒకటిన్నర టన్నుల ఏసీ తోడిపోయగలిగేది మొత్తం 5.3 కిలోవాట్లే. మిగతా రెండు గోడల వేడి, కప్పు వేడి, మనుషుల ఒంటి వేడి తోడేందుకు దానికి సత్తువ మిగలదు.

ఆ ఏసీ గంటకు 1.5 యూనిట్ల చొప్పున రోజుకు 6 గంటలు తిరిగితే నెలకు 270 యూనిట్లు. అప్పటికే 200 యూనిట్లు కాలుస్తున్న ఇల్లు 470కి చేరుతుంది. 2024-25 టారిఫ్‌లో 225 దాటాక యూనిట్ 8.75, 400 దాటాక 9.75 రూపాయలు. ఆ లెక్కన ఒక్క గది కోసం నెలకు దాదాపు 2,360 రూపాయలు, సర్దుబాటు ఛార్జీలు కలపకుండానే. మార్చి నుంచి జూన్ దాకా 9,400 పైమాట. పిల్లల ఫీజులకో, కౌలుకో ఉండాల్సిన డబ్బు అది.

మిరపకాయ రంగు చెడకుండా ఉండాలని గుంటూరు చుట్టూ ఇన్ని కోల్డ్ స్టోరేజీలు కట్టారు. ఒక్కదానికీ గాజు గోడ లేదు, వేడిని ఆపే మందపు గోడలే ఉన్నాయి. సరుకు విషయంలో ఇంత జాగ్రత్త తెలిసిన ఊరు మనుషుల విషయంలో మరిచిపోవడం బాధాకరం. పెంకుటింటి పంచ, వసారా, చలువ పందిరి చేసింది ఒకటే: ఎండను గోడ దాకా రానివ్వకపోవడం. గది కావాలనుకునే కుటుంబం ఆ స్థలంలోనే మూడు వైపులా తెరిచిన పంచ వేసుకోవచ్చు. గాజు ఖర్చు ఉండదు, ఏసీ అక్కర్లేదు, సాయంత్రం మంచం వేసుకుంటే గాలి ఆడుతుంది. గాజు ఇప్పటికే బిగించి ఉంటే లోపలి కర్టెన్లతో పెద్ద లాభం లేదు. గాజు దాటి వచ్చిన వేడి వచ్చినట్టే. తడకైనా, షేడ్ నెట్టయినా బయట కట్టాలి.

నిబంధనలూ మారాలి. ఇళ్ల కోసం 2018లో వచ్చిన ఎకో నివాస్ సంహిత గోడల గుండా వచ్చే వేడికి చదరపు మీటరుకు 15 వాట్లని హద్దు పెట్టింది గానీ, అది 500 చదరపు మీటర్లు, ఆపై స్థలాలకే. ఈ జిల్లాల పట్టణాల్లో మధ్యతరగతి ఇల్లు లేచేది 200 గజాల్లో, అంటే 170 చదరపు మీటర్లలోపు. చిన్న స్థలాలకు అంత లెక్క అక్కర్లేదు. పడమటి గాజుకు బయట నీడ చూపని ప్లానును మున్సిపాలిటీ ఆమోదించకపోతే చాలు. తెరిచిన పంచను కట్టడం కొలతలోనూ, పన్నులోనూ కలపకూడదు. కప్పుల సంగతీ అంతే. ఎండను తిరగ్గొట్టే కప్పుల కోసం తెలంగాణ 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో అలాంటిది మొదలుపెట్టాల్సింది ఈ జిల్లాల్లోనే.

దానికి సరుకూ దూరం కాదు. పిడుగురాళ్ల బట్టీల సున్నం జిగురు కలిపి డాబాకు రెండు పూతలు పూస్తే, తెల్లటి కప్పు ఎండలో చాలా భాగాన్ని తిరగ్గొడుతుంది. వడియాలూ, పచ్చడి మిరపకాయలూ ఎండబెట్టే చోట మాత్రం పట్టా పరుచుకోవాలి. వానలకు సున్నం కొట్టుకుపోతుంది కాబట్టి ఏటా ఫిబ్రవరిలో, ఎండలు ముదరకముందే, మళ్లీ పూయాలి.