బీరువాలో రెండు స్వెట్టర్లు

మా అక్కయ్య బీరువాలో, పట్టుచీరల అడుగున, రెండు ఉన్ని స్వెట్టర్లు వుండేవి. 2013 చలికాలంలో రోడ్డు పక్కన నేపాలీ వాళ్లు గుట్టలు పోసి అమ్ముతుంటే బేరమాడి మరీ కొన్నది. బెజవాడ ఎండల్లో స్వెట్టర్లేమిటని మీకు నవ్వు రావచ్చు. నాకూ వచ్చింది. "నవ్వకే! బదరీనాథ్ వెళ్లినప్పుడు వేసుకోవద్దూ?" అంది అక్కయ్య.

మా బావగారిది ప్రభుత్వోద్యోగం. 2014లో ఆయనకు యాభయ్యెనిమిదేళ్లు నిండుతాయి. నిండగానే రిటైరు కావడం, చేతికొచ్చిన డబ్బులో కొంత తీసి ఆలుమగలిద్దరూ బదరీనాథ్ వెళ్లడం, ఇదీ ఏర్పాటు. సరిగ్గా ఆ ఏడాదే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం విరమణ వయస్సును 58 నుంచి 60కి పెంచింది. ఇంటిల్లిపాదీ సంతోషించాం. రెండేళ్ల జీతం చేదా మరి? "రెండేళ్లేగా, కొండలెక్కడికి పోతాయి?" అన్నారు బావగారు.

కొండలు ఎక్కడికీ పోలేదు. 2016లో రిటైరైన ఆర్నెల్లకు, సంక్రాంతి ఇంకా నాలుగు రోజులుందనగా, బావగారే వెళ్లిపోయారు.

కొన్నాళ్లకు అక్కయ్య బీరువా సర్దుతుంటే నేను పక్కనే వున్నాను. స్వెట్టర్లు కొన్ననాటి సంచీలోనే, మడత విప్పకుండా వున్నాయి. కాసేపు వాటికేసి చూసి, నా చేతిలో పెట్టింది. "మీరైనా వెళ్లి రండే" అంది. తెచ్చి భద్రంగా మా బీరువాలో దాచాను. ఎక్కడనుకున్నారు? పట్టుచీరల అడుగునే!

అలా అయిదేళ్లు గడిచాయి. మావారిదీ ప్రభుత్వోద్యోగమే. నేనెప్పుడు ఎత్తినా, "అమ్మాయి చదువు కానీ", "ఇంటి అప్పు తీరనీ", చివరికి "రిటైరు కానీ" అనేవారు. నేనూ సరేననేదాన్ని. చిన్నప్పుడు పల్లెటూళ్లలో తలుపుల మీద సుద్దముక్కతో "ఓ స్త్రీ రేపు రా" అని రాసివుండడం మీలో చాలామంది చూసే వుంటారు. దయ్యం వచ్చి చదువుకుని వెళ్లిపోతుందట, మర్నాడు వచ్చినా అదే మాట వుంటుందట. దయ్యాల సంగతి నాకు తెలియదు గాని, మన ముచ్చట్లను మనం గుమ్మంలోంచి తిప్పి పంపేది మాత్రం ఆ మాటతోనే.

2022 జనవరిలో ఆ వయస్సు 62 అయింది. మావారు మిఠాయి పొట్లంతో వచ్చి, "ఏమోయ్, ఇంకో రెండేళ్లు!" అన్నారు. నేనేమీ అనలేదు. బీరువా తెరిచి, స్వెట్టర్లు తెచ్చి మంచం మీద పెట్టాను. ఆయన వాటిని చూశారు, నన్ను చూశారు. ఆ రాత్రి పొట్లం విప్పినవాళ్లు లేరు.

ఒక్క సంగతి గమనించండి. పొరుగున తెలంగాణాలో 2021లోనే 58ని 61 చేశారు. అంతకుముందు 1983లో 58ని ఒక్కసారిగా 55కి తగ్గించి, మరుసటి ఏడాదే మళ్లీ 58 చేసిన వైనం పెద్దవాళ్లకు గుర్తుండే వుంటుంది. అంటే, మన కోరికలన్నిటినీ తీసుకెళ్లి కట్టేసిన గుంజ మన పెరట్లో లేదన్నమాట! "అరవై దాటితే రైలు చార్జీలో రాయితీ వస్తుంది, అప్పుడు వెడతాం" అనేవారు మా పిన్నీ బాబాయీ. వాళ్ల వయస్సు రానైతే వచ్చింది గాని, 2020 మార్చిలో ఆ రాయితీని నిలిపివేశారు.

వెనకటి వాళ్లయితే బాధ్యతలన్నీ తీరాకనే కాశీకి వెళ్లేవారని మావారి వాదన. అందుకు నేను ఏనుగుల వీరాస్వామయ్యగారిని సాక్షిగా పిలిచాను. ఆయన మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ. 1830 మే నెలలో, ఏభయ్యో ఏట, ఉద్యోగంలో వుండగానే పరివారాన్ని వెంటబెట్టుకుని కాశీకి బయలుదేరారు. రైళ్లు లేవు, సరైన రోడ్లు లేవు. తిరుపతి, కడప, హైదరాబాదు, నాగపూరు మీదుగా కాశీ చేరి, గయ, కలకత్తా, పూరీ చూసుకుని, మన కోస్తా జిల్లాల మీదుగా 1831 సెప్టెంబరులో ఇల్లు చేరారు. పదిహేను నెలల పైమాట! దారిలో చూసిందల్లా రాసిపెట్టారు గనుక మనకు 'కాశీయాత్ర చరిత్ర' దక్కింది. 1836లో ఆయన కాలం చేశారు. నింపాదిగా వెళదాంలే అని ఓ ఆరేళ్లు ఆగివుంటే యాత్రా లేదు, పుస్తకమూ లేదు.

మనిషే కాదు, చోటు కూడా ఆగదు సుమండీ! నాగార్జునకొండ లోయలో 1954 నుంచి 1960 దాకా తవ్వకాలు జరిగాయి. మా నాన్నగారు అప్పుడు గుంటూరులో చదువుకునేవారు. స్నేహితులు రమ్మంటే, "పరీక్షలయ్యాక చూద్దాం" అన్నారట. తరువాత సాగర్ డ్యామ్ లేచింది, లోయ నీట మునిగింది. కొన్ని కట్టడాలను కొండమీదికీ, అనుపుకూ తరలించి మళ్లీ నిలబెట్టారు. మా చిన్నతనంలో నాన్నగారు మమ్మల్ని లాంచీలో మ్యూజియానికి తీసుకెళ్లారు. దారిలో నీళ్లకేసి వేలు పెట్టి, "ఇదిగో, ఈ కిందనే వుండేదర్రా" అన్నారు. మేం ఎంత తొంగి చూసినా మాకు నీళ్లే కనిపించాయి.

ఇదంతా విన్నాక మావారు లెక్కల్లోకి దిగారు. ఆర్జిత సెలవులు వాడుకోకుండా దాచుకుంటే రిటైరయ్యేటప్పుడు 300 రోజుల వరకు డబ్బు ఇస్తారు. ఆయన ఖాతాలో ఆ మూడువందలూ ఎప్పుడో నిండాయి. ఆపైన చేరేది ఎలాగూ మురిగిపోయేదే. ఆ సంగతి ఆయన నోటనే చెప్పించడానికి నాకు రెండు కప్పుల కాఫీ ఖర్చయింది. ఆ ఏడాది ఇంటికి రంగులు వేయించాలనుకున్నాం. మానేశాం. గోడలు ఇంకో ఏడాది పెచ్చులతో వుంటే చుట్టాలు ఏమైనా అనుకోవచ్చు, అనుకోనివ్వండి.

దసరా వెళ్లాక బయలుదేరాం. ఢిల్లీ దాకా, అక్కణ్ణించి హరిద్వారం దాకా రైలు. ఋషీకేశం నుంచి బదరీనాథ్ దాదాపు 300 కిలోమీటర్ల కొండదారి. దేవప్రయాగలో అలకనంద ఒక వన్నెలో, భాగీరథి ఒక వన్నెలో వచ్చి కలుస్తాయి. అక్కణ్ణించే ఆ నీటికి గంగ అని పేరు. బస్సులో వాళ్లంతా దిగి చూస్తుంటే, మావారు నా చేయి పట్టుకుని మెట్లు దింపారు. పెళ్లయిన ఇన్నేళ్లలో పదిమందిలో ఆయన నా చేయి పట్టుకోవడం అదే మొదలు!

బదరీనాథ్ పదివేల అడుగుల పైమాటే. అలకనంద వంతెన దాటి గుడి మెట్లెక్కేసరికి ఆయనకు ఆయాసం వచ్చింది. బావగారి స్వెట్టరులో, మెట్టు మీద కూర్చుని, చాలాసేపు ఆ మంచుకొండలకేసి చూశారు. "ఇంకో ఆరేళ్లు ఆగివుంటే నేను ఇక్కడిదాకా రాలేనోయ్" అన్నారు. వాదనలో గెలిచినందుకు సంతోషించాలి గదా! నాకు మాత్రం అక్కయ్య గుర్తొచ్చి కళ్లు నిండాయి.

అప్పు చేసి యాత్రలు చేయమనీ, పిల్లల ఫీజులు కట్టడం మానెయ్యమనీ నేను చెప్పడం లేదు. తీరికా, డబ్బూ, ఓపికా మూడూ కలిసొచ్చే రోజు కోసం కూర్చోవద్దంటున్నాను. వున్నంతలో తేదీ ఒకటి వేసుకోండి. వెళ్లేది బదరీనాథ్ అయితే, గుడి వేసవి మొదట్లో తెరిచి నవంబరులో మూసేస్తారని గుర్తుంచుకోండి. వానాకాలంలో కొండచరియలు విరిగిపడతాయి, ఆ నెలలు వద్దు. ముందుగా పేర్లు నమోదు చేయించుకోవాలి. పరుగు మీద పైకి పోకుండా దారిలో ఒక రాత్రి ఆగితే గాలి అలవాటవుతుంది. బి.పి. మాత్రలు పెట్టెలో కాదు, చేతిసంచీలో పెట్టుకోండి.

తిరిగొచ్చాక అక్కయ్యకు గంగ చెంబూ, ఫొటోలూ ఇచ్చాను. మెట్ల మీద మావారు కూర్చున్న ఫొటో కళ్లద్దాలు పెట్టుకుని చూసింది. "మరిదిగారికి చేతులు కాస్త పొట్టయ్యాయే" అంది. ఇంకేమీ అనలేదు. కాసేపాగి, "కాశీకి రైలు బెజవాడ నుంచే వుందటగా?" అని అడిగింది.

ఆవిడకు మోకాళ్ల నొప్పులు. మెట్లు దిగలేదు. ఘాట్లలో పడవ మీదనుంచే గంగను చూపించవచ్చు. "తగ్గాక వెళదాంలే అక్కయ్యా" అన్న మాట నా నాలిక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగేసి, మావారికి చెప్పి మూడు టిక్కెట్లు తీయించాను. వచ్చే నెలలోనే ప్రయాణం. మెరూన్ రంగు స్వెట్టరు ఉతికి ఆరేశాను. అది అక్కయ్యదే గదా, ఈసారి ఆవిడే వేసుకుంటుంది.