విలీనం సరే, పోస్టులేవి?

కర్నూలు సిల్వర్ జూబ్లీ కళాశాల స్వాతంత్ర్య రజతోత్సవాల వేళ, 1972లో పుట్టింది. రాష్ట్రం నలుమూలల నుంచి ప్రతిభ చూసి ఎంపిక చేసిన పేద పిల్లలెందరో అక్కడ హాస్టల్లో ఉండి చదువుకున్నారు. ఆ కళాశాలను, కేవీఆర్ ప్రభుత్వ మహిళా కళాశాలను, పురుషుల ప్రభుత్వ డిగ్రీ కళాశాలను కలిపి ఉన్నత విద్య కోసం కేంద్రం తెచ్చిన రూసా పథకం కింద క్లస్టర్ విశ్వవిద్యాలయంగా మార్చారు.

ఆలోచన మంచిదే. మన డిగ్రీ కళాశాలల్లో ఎక్కువ భాగం అనుబంధ వ్యవస్థలో నలిగిపోతున్నాయి. సిలబస్ ఒకచోట, ప్రశ్నపత్రం మరోచోట తయారవుతాయి. పాఠం చెప్పే మనిషికి రెండింటిలోనూ పాత్ర అంతంతమాత్రమే. ఒకే ఊళ్లోని కళాశాలలు ఏకమైతే ఒకచోట ఉన్న ల్యాబు, మరోచోట ఉన్న అధ్యాపకుడు అందరికీ అందుబాటులోకి వస్తారు. మహిళా కళాశాల విద్యార్థిని తనకు నచ్చిన సబ్జెక్టు కోసం పక్క కళాశాలలో కూర్చోగలుగుతుంది.

అయితే అధ్యాపకులు ఎవరి ఉద్యోగులు? చిక్కంతా ఇక్కడే. రూసా ఒక్కో క్లస్టర్ విశ్వవిద్యాలయానికి 55 కోట్ల రూపాయలు ఇస్తానంది. ఆ డబ్బు భవనాలకూ పరికరాలకూ సాయపడుతుంది. ఏటేటా జీతాల భారం మాత్రం రాష్ట్ర ఖజానాదే. ప్రభుత్వ కళాశాలల అధ్యాపకులు కళాశాల విద్యాశాఖ ఉద్యోగులు, వారికి బదిలీలు తప్పవు. పీహెచ్‌డీ చేయిస్తున్న గైడు రెండో ఏట నంద్యాలకో ఆదోనికో వెళ్లిపోతే ఆ పరిశోధక విద్యార్థి ఎవరిని పట్టుకోవాలి? సొంత పోస్టులు లేకుండా వీసీని, రిజిస్ట్రార్‌ను నియమించినంత మాత్రాన విశ్వవిద్యాలయం కాదు.

కళాశాలల విలీనంలో అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్ర అనుభవం మనవాళ్లు చూడదగ్గది. 2020లో అక్కడి ప్రభుత్వ కళాశాలల ఛాన్సలర్ కొన్ని క్యాంపస్‌లు మూసేద్దామన్నారు. కరోనా రోజుల్లోనే జనం కార్లలో రాజధానికి వచ్చి హారన్లు మోగించి నిరసన తెలిపారు. ఆయన ప్రతిపాదనను వెనక్కి తీసుకుని పదవి వదులుకున్నారు. దరిమిలా కాసిల్టన్, నార్తర్న్ వెర్మాంట్, వెర్మాంట్ టెక్నికల్ విద్యాసంస్థలు 2023 జులై 1న వెర్మాంట్ స్టేట్ యూనివర్సిటీగా ఒక్కటయ్యాయి. ఏటా 50 లక్షల డాలర్ల చొప్పున లోటు తగ్గించాలన్నది చట్టసభ షరతు. ఆ లెక్క మొదట గ్రంథాలయాల మీద పడింది. విలీనానికి ఇంకా నెలలుండగానే పుస్తకాలు తీసేసి అంతా డిజిటల్ చేస్తామని, సిబ్బందిని తగ్గిస్తామని ప్రకటించారు. విద్యార్థులు, అధ్యాపకులు భగ్గుమన్నారు. ఏప్రిల్‌లో కొత్త విశ్వవిద్యాలయ అధ్యక్షుడు రాజీనామా చేశారు, పుస్తకాలు అల్మరాల్లోనే ఉండిపోయాయి. చిన్న ఊళ్లలో కళాశాల గ్రంథాలయమంటే ఏమిటో పొదుపు పట్టికలు వేసినవారికి తట్టలేదు.

ఖర్చు తగ్గించుకోవడానికే విలీనమైతే కోత పడేది పేద విద్యార్థి అవసరాలకే. అతనికి ప్రైవేటు కళాశాల అందుబాటులో ఉండదు, ఇంట్లో ఇంటర్నెట్ ఉంటుందన్న నమ్మకం కూడా లేదు. అలాంటివారు చదివే కళాశాలలివి. వీటిని కలిపే అధికారం ప్రభుత్వానికి ఉంది, కలిపాక నిలబెట్టే బాధ్యత కూడా దానిదే.

అధ్యాపకులు విశ్వవిద్యాలయంలోకి వస్తారా, శాఖలోనే ఉంటారా అన్నది వారి సమ్మతి అడిగి, గడువు పెట్టి తేల్చాలి. శాఖలోనే ఉంటామన్నవారి స్థానంలో శాశ్వత నియామకాలకు ఆర్థికశాఖ అనుమతివ్వాలి. ఏ క్యాంపస్‌లో ఏ కోర్సు, ఏ గ్రంథాలయం, ఏ హాస్టల్ కొనసాగుతాయో అడ్మిషన్లకు ముందే విద్యార్థులకు రాతపూర్వకంగా చెప్పాలి. ఇకముందు ఎక్కడ కళాశాలలను కలిపినా విలీనం జీవోతోపాటే పోస్టుల మంజూరు జీవో కూడా రావాలి.