గృహవిజ్ఞానము: బండి వెనుక అద్దమునకు పట్టు చెమ్మ

మిషిగను, మిన్నెసోటా మొదలగు అమెరికా ఉత్తర రాష్ట్రములలోను, కెనడాలోను కాపురములు చేయుచున్న మన తెలుగు సోదరీమణులకు శీతకాలమున నొక చిక్కు గలదు. పికప్పు ట్రక్కు అను బండి అచ్చట సామాన్య గృహస్థుల వాకిళ్లలో గూడ కానవచ్చును. ముందు మనుష్యులు కూర్చుండు గది, వెనుక సామానులకై కప్పులేని తొట్టి, ఆ రెంటి నడుమ నొక అద్దము. బండి పాతదైనచో, ఉదయమున బిడ్డలను బడికి గొనిపోవు వేళ ఆ అద్దమంతయు తెల్లగా మూసికొనిపోవును. తల్లి గుడ్డతో తుడుచును. వీధి మలుపు తిరుగకమునుపే అది మరల మూసికొనును. ఈ మాసమున దీనిని గూర్చియే ముచ్చటింప దలచితిమి.

ఇదియు నొక విషయమేనా యని నవ్వువారు లేకపోలేదు. మేమట్లు తలపము. బండిని వాకిటనుండి వెనుకకు నడుపునపుడు ఆ అద్దమే కన్ను. 2018 మే 1 నాటి నుండి అమెరికాలో అమ్మకమునకై తయారగు కార్లకును చిన్న ట్రక్కులకును వెనుకవైపు కెమెరా యుండితీరవలెనని నిబంధన ఏర్పడినది. అంతకు పూర్వపు బండ్లలో ననేకములకు అది లేదు. అద్దమెంత నిర్మలముగా నున్నను తొట్టి వెనుక నిలిచిన రెండేండ్ల బిడ్డ అందులో కనబడదు. కావున బండి నెక్కుటకు ముందు ఒకమారు చుట్టు తిరిగి చూచుట మానరాదు. ఇక అద్దమే మూసికొనిపోయిన యెడల, నడచి పోవు పెద్దవారైనను కనబడరు.

చల్లని నీరు పోసిన చెంబు వెలుపల చెమర్చుట మన మెరిగినదే. చెంబు కారుట లేదు. గాలిలోని తేమ చల్లని లోహమును తాకి నీరగుచున్నది. బండిలో జరుగునదియు నిదియే. నలుగురి ఊపిరి, తడిసిన ఊలు కోట్లు, బూట్ల నంటిన మంచు కరిగి కాళ్లక్రింది చాపలలో నింకిన నీరు, ఇవన్నియు గాలిలో చేరును. ముందు అద్దమునకు వేడిగాలి నేరుగా తగులును, వెనుకదానికి తగులదు. క్రొత్త బండ్లలో వెనుక అద్దమునకు సన్నని విద్యుత్తు తీగె లుండి వెచ్చజేయును. పాత పికప్పులలో, ముఖ్యముగా నడుమ జరుపుడు రెక్క గల అద్దములకు, ఇవి తరచుగా నుండవు. మన లంబసింగిలో తెల్లవారుజామున పాతజీపు నడుపువారును ఈ బాధ నెరుగుదురు.

కాబట్టి గుడ్డతో తుడుచుట చికిత్స కాదు. తేమ యెక్కడిదో వెదకవలయును. మొదట చాపలను తీసి, తివాసీపై వార్తాపత్రిక పరచి అరచేతితో గట్టిగా నొక్కి చూడుడు. కాగితము తడిసినచో చాపలను ఇంటిలో వెచ్చని తావున ఆరవేసి, తివాసీ క్రిందికి గాలి యాడునట్లు లేపి యుంచవలయును. సీటు వెనుకభాగమే తడిగా నున్న యెడల అది బూట్ల నీరు కాదు, పైనుండి కారుచున్న నీరు. 1994 నమూనా మొదలుకొని ఈ బండ్లకు గది వెనుక పైభాగమున మూడవ ఎఱ్ఱదీపము పెట్టుచున్నారు. దాని చుట్టునుండు రబ్బరు పట్టీ యేండ్లు గడచినకొలది ఎండి చిట్లును. కరిగిన మంచు దానిగుండ దిగి, గోడవెంట జారి, తివాసీ క్రింద చేరును. నీరు గడ్డకట్టని దినమున ఒకరు దివిటీతో లోన కూర్చుండగా, మరియొకరు వెలుపల క్రిందినుండి పైకి క్రమముగా నీరు పోసినచో, ఎచ్చట కారుచున్నదో తెలియును. అద్దము చుట్టునున్న పట్టీని గూడ ఇట్లే పరీక్షింపవచ్చును. పట్టీ మార్చుట పెద్ద ఖర్చు కాదు.

తరువాత గాలి సంగతి. లోని గాలినే మరల మరల త్రిప్పు మీటను తప్పక కట్టివేయవలయును. బయటి గాలి యెంత చల్లనిదైనను అందు తేమ స్వల్పము. అది లోనికివచ్చి వేడెక్కినపుడు అద్దముల చెమ్మను పీల్చుకొనును. గడ్డకట్టునంత చలి లేని వానదినములలో వేడిగాలితోబాటు ఏసీని గూడ నడుపవలయును. చలికాలమున ఏసీ యేమని నవ్వవలదు, అది గాలిలోని నీటిని పిండివేయును. సీటు వెనుక గోడలో గాలి వెలుపలికి పోవుటకు రంధ్రము లుండును. మన యిండ్లవారు అచ్చటనే దుప్పట్లు, బియ్యపు సంచులు, బిడ్డల ఆటబొమ్మలు క్రుక్కుదురు! పొగగూడు మూసిన వంటిల్లువలె నగును గదా. ఆ తావును ఖాళీచేసి, ప్రక్క అద్దమును వ్రేలెడంత దించినచో చెమ్మ చాలవరకు తొలగును.

అద్దము లోపలివైపు జిడ్డున్నచో చెమ్మ త్వరగా పట్టును. తెల్ల వెనిగరు, నీరు సమముగా కలిపి నూలుగుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో మెరయించవలెను. తీగెలున్న అద్దమును తీగెల వెంబడియే తుడువవలయును గాని అడ్డముగా కాదు. సబ్బు పలుచగా పూయుట కొన్నిదినములు మాత్రమే పనిచేయును. మంచు పట్టిన అద్దముపై వేడినీరు పోయవలదు, పగులును.

ఒక్క విషయమున మాత్రము ఆలస్యము కూడదు. అద్దముపై నూనెవంటి పొర మాటిమాటికి పట్టి, లోన తియ్యని వాసన వచ్చినచో, అది ఊపిరి చెమ్మ కాదు. వేడిగాలి యంత్రమునుండి ఇంజను నీరు కారుచున్నదని గ్రహింపుడు. ఆ ద్రవము విషము. తియ్యగా నుండుటచే బిడ్డలు నాకుదురు. ఆనాడే మెకానిక్కునకు చూపవలయును. మరియు బండిని వెచ్చజేయుటకై మూసిన గ్యారేజీలో ఇంజను నడిపి యుంచరాదు. వెనుక పొగగొట్టము మంచులో కప్పబడి యున్నదేమో చూచి, త్రవ్వి తీసిన పిదపనే ఇంజనును నడుపవలయును. ఆ పొగలోని విషవాయువునకు వాసన లేదు.