వేసవి పోకముందే చెఱువుమట్టి చేనికి

చెఱువు క్రింది చిన్నకమతముల రైతు సోదరీ సోదరులకు విజ్ఞప్తి.

ఉగాది వెళ్లినది మొదలు మృగశిర కార్తె ప్రవేశించువఱకు గల రెండు నెలల పైచిలుకు కాలమును మనవారిలో అనేకులు పనిలేని కాలమని తలంచుచున్నారు. చింతపండు కొట్టి గింజ తీయుట, మామిడికాయ తఱిగి ఊరగాయ పెట్టుట, విత్తనములకు బూడిద కలిపి దాచుట, దిబ్బలోని పెంట నెత్తి బండ్ల కందించుట మున్నగు పనులతో ఆడువారికి నడుము వంచక తప్పని ఈ దినములు, మగవారికి మాత్రము రచ్చబండ దినములైనవి. కాని ఏడాదిలో మఱి యే ఋతువునను చేయుటకు వీలులేక, వేసవియందే చేయవలసిన మహత్కార్యమొకటి ఊరి ప్రక్కనే కాచుకొని యున్నది. అది చెఱువులో పూడిక తీసి, ఆ మట్టిని చేలకు తోలుకొనుట.

వాన కురిసినప్పుడెల్ల ఎగువ చేలనుండి కొట్టుకొనిపోయిన పైమన్నును, దానితోడి ఆకుకుళ్లును, పశువుల పేడయు చెఱువున జేరి అడుగున నిలుచుచున్నవి. కనుక ఆ మట్టి పరుల సొమ్ము గాదు. మన చేల సారమే. నీరింకి, కృత్తిక రోహిణి కార్తెల ఎండకు నేల బీటలువారి, పెల్లలు పెల్లలుగా లేచునప్పుడు దానిని త్రవ్వుట సులభము; తొలకరి పడినచో అది బురద యగును, చెఱువు నిండినచో అందకుండ పోవును. నీటిని నిలుపుకొనలేని ఎఱ్ఱ చల్క నేలలలో ఈ బంకమన్ను కలిసెనేని, రెండు వానల నడుమ బెట్ట వచ్చినప్పుడు వేరుసెనగకును కందికిని కొన్ని దినములపాటు తేమ యాధారమై నిలుచును.

లెక్క చూడుడు. ఎకరము నేలపై అంగుళము మందమున మట్టి పఱచుటకు 3,630 ఘనపుటడుగుల మట్టి కావలెను. నూఱు ఘనపుటడుగులు పట్టు ట్రాక్టరు ట్రక్కుతో తోలినచో ఇది సుమారు 36 ట్రక్కులు. ఇంత మట్టి తీసిన చోట అంతే నీరు నిలుచును. అనగా చెఱువు నిండినప్పుడెల్ల లక్ష లీటర్లకు పైబడిన నీరు అదనముగా చేరును. నూఱు కుటుంబములు ఒక్క వేసవిలో తలకొక అరయెకరమునకు మాత్రమే తోలుకొన్నను, ఆ చెఱువు 50 లక్షల లీటర్లకు పైగా ఎక్కువ నీటిని పట్టగలదు. రెండెకరముల రైతు నాలుగు వేసవులలో తన కమతమంతటిని బాగుచేసికొనును.

చెఱువు విషయమున మన పూర్వులు అలసులు గారు. విజయనగర రాజైన మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు కడప సీమలోని పోరుమామిళ్లలో త్రవ్వించిన చెఱువు శాసనము 1369 నాటిది. నిత్యము వేయిమంది కూలీలును, రాతికొఱకు నూఱు బండ్లును రెండేండ్లపాటు పనిచేసిరని అది చెప్పుచున్నది. మంచి చెఱువునకు పండ్రెండు అంగములను, ఆఱు దోషములను గూడ వివరించుచున్నది. కాలక్రమమున రైతులు తామే చేసికొను కుడిమరామత్తు సన్నగిల్లగా, మద్రాసు రాజధానిలో 1858లో నిర్బంధ శ్రమ చట్టము పుట్టినది. ఐనను చట్టపు బెదిరింపుతో ఆ యాచారము మఱల బ్రతుకలేదు. పూర్వము ఊరంతయు తట్ట పట్టెడిదని పొగడుకొనువారు, ఆ తట్ట మోసినవారిలో ఆయకట్టున సెంటు భూమియైన లేని వెట్టివారు ఎందఱుండిరో తలంపరు. మేము కోరునది ఆ పాతకాలపు వెట్టి గాదు; లాభమునందు అందఱికి పాలున్న ఉమ్మడి పని.

“యంత్రములు గలవు, గుత్తదారు లున్నారు, మన కెందుకీ శ్రమ?” అని కొందఱనవచ్చును. యంత్రమును వలదనుట లేదు. కాని ఊరి అదుపులేని గుత్తపని వలన మట్టి ఇటుక బట్టీలకు పోవుటయు, చెఱువులో ప్రాణాంతకమైన గోతులు మిగులుటయు ఎఱుగనిదెవరు? కావున ఈ నియమములను ప్రతి గ్రామమును పాటింపవలెను:

1. చైత్రమాసముననే గ్రామసభ కూడి, త్రవ్వవలసిన చోటును, లోతును, మట్టి కావలసిన రైతుల పట్టికను నిర్ణయించి, నీటిపారుదల శాఖవారి అనుమతి పొందవలెను.

2. కట్ట మొదటను, తూము చెంతను త్రవ్వరాదు. గోతులు పెట్టక సమముగా తీయవలెను. చెఱువులోనికి నీరు తెచ్చు కాలువలలోని ముండ్లకంపను గూడ తొలగింపవలెను.

3. అందఱికంటె తక్కువ భూమి గలవారికి మొదట మట్టి ఈయవలెను. ఒక్క తట్టయైన అమ్మరాదు.

4. భూమి లేని కూలీలకు, స్త్రీపురుష భేదము లేక, సమానమైన కూలి ముట్టవలెను. తెల్లవాఱుజామున మొదలిడిన పని ప్రొద్దెక్కకముందే ఆగవలెను. నీడయు, మజ్జిగయు ఏర్పఱుపవలెను.

5. మట్టిని ముందుగా పరీక్ష చేయింపవలెను. ఉప్పు పేరిన మన్ను చేనికి చేటు. నల్లరేగడికి ఈ బంకమన్నుతో పనిలేదు.

రైతులారా! ఈ యేటి చైత్రమున గ్రామసభ జరుగునప్పుడు ఇంటికొక్కరు, ఆడువారితో గూడ, తప్పక హాజరై, తక్కిన విషయములకంటె ముందుగా ఈ తీర్మానమును చేయింపుడు. ఏరువాక పున్నమనాటికి మట్టి చేనిలో నుండవలెను. ఆలస్యము చేసితిరేని మఱల ఏడాది ఆగవలసినదే.