వచ్చాడా? వచ్చియున్నాడా?



మన మార్కాపురం, గిద్దలూరు పల్లెల పిల్లలకు ఇంగ్లీషులో బాగా చిక్కు పెట్టేది పర్ఫెక్ట్ టెన్స్. దీనికి కారణం లేకపోలేదు. మనం మాట్లాడే తెలుగులో "వచ్చాడు" అనే మాట రెండు పనులు చేస్తుంది. నిన్న వచ్చి వెళ్ళినవాడూ "వచ్చాడు", ఇప్పుడు వచ్చి అరుగుమీద కూర్చున్నవాడూ "వచ్చాడు". ఇంగ్లీషులో మొదటివాడు "హి కేమ్", రెండవవాడు "హి హాజ్ కమ్".

ఈ తేడా మనం ఎరగనిదేమీ కాదు. మన తెలుగు బైబిలులోను, పెద్దల ప్రార్థనల్లోను "వచ్చియున్నాడు", "చేసియున్నావు" అనే మాటలు వింటూనే ఉన్నాము. పని జరిగింది, దాని ఫలితం ఇప్పుడు నిలిచి ఉంది అని ఆ "యున్న" చెబుతుంది. హావ్, హాజ్ చేసే పని అదే. అలాగే "వచ్చియుండెను" అంటే "హాడ్ కమ్".

గడచిన రెండు సంగతుల్లో ముందు జరిగినదానికి హాడ్ పెడతాము. 1970లో కొత్త జిల్లా ఏర్పడింది. 1972లో దానికి ప్రకాశం అని పేరు పెట్టారు. అంతకుముందు మార్కాపురం కర్నూలు జిల్లాలో ఉండేది. కనుక "బిఫోర్ 1970, మార్కాపూర్ హాడ్ బీన్ ఇన్ కర్నూల్ డిస్ట్రిక్ట్" అంటాము. గిద్దలూరు స్టేషనుకు మనం చేరేసరికే రైలు వెళ్ళిపోతే "ది ట్రెయిన్ హాడ్ లెఫ్ట్". మనం చేరాక కదిలితే "ది ట్రెయిన్ లెఫ్ట్".

ఇది మార్కుల కోసమే అనుకోవద్దు. బెంగళూరు ఆసుపత్రిలో తెలుగు రాని డాక్టరుతో, నాయన జ్వరం గురించి "హి హాడ్ ఫీవర్ ఫర్ త్రీ డేస్" అంటే, జ్వరం వచ్చి తగ్గిపోయిందని ఆయన అనుకోవచ్చు. ఇంకా ఉన్నదని తెలియాలంటే "హి హాజ్ హాడ్ ఫీవర్ ఫర్ త్రీ డేస్" అనాలి. ఎన్నాళ్ళుగా అంటే ఫర్, ఎప్పటినుండి అంటే సిన్స్: "సిన్స్ మండే".

ఒక్క జాగ్రత్త. నిన్న, పోయిన వారం, 1970లో అని గడచిన కాలం పేరు చెప్పినచోట హావ్, హాజ్ రావు. "హి హాజ్ కమ్ ఎస్టర్డే" తప్పు. "హి కేమ్ ఎస్టర్డే" ఒప్పు.

మనది పలకలకు పేరుపొందిన ప్రాంతం. ఈ సాయంత్రం పిల్లల చేతికి పలక ఇచ్చి ఈ మూడింటిని ఇంగ్లీషులో వ్రాయించండి: అమ్మ అన్నం వండియున్నది. నిన్న వాన కురిసింది. మేము పదేళ్ళుగా ఈ ఊళ్ళో ఉంటున్నాము. మూడవదానికి "ఆర్ లివింగ్" అని వ్రాస్తే దిద్ది, "హావ్ బీన్ లివింగ్" అని చెప్పండి.