హీటర్ ప్లగ్గు విరిగితే రైతే మునగాలా?

చలికాలం తెల్లవారుజామున చిన్న ట్రాక్టరు స్టార్టు కాకపోతే ముందు బ్యాటరీని తిడతాం. చాలాసార్లు తప్పు హీటర్ ప్లగ్గులది. (పెద్ద ట్రాక్టర్లలో చాలావాటికి ఈ ప్లగ్గులే ఉండవు, ఆ రైతులకు ఈ బాధ లేదు.) ప్లగ్గు మార్చడం చిన్న పనే, ఊడి వస్తే! ఏళ్ల తరబడి మసి, తుప్పు పట్టి బిగుసుకున్నదాన్ని చల్లని ఇంజన్ మీద పొడవాటి పానా వేసి లాగితే పుటుక్కున విరుగుతుంది. ముక్క హెడ్డులోనే ఉండిపోతుంది. ఇక హెడ్డు విప్పాలి, గ్యాస్కెట్టు మార్చాలి, లేతు షాపు చుట్టూ తిరగాలి. ఈలోగా దుక్కి అదను దాటిపోతుంది.

ముందురోజు రాత్రే మరల దగ్గర తుప్పు వదిలించే నూనె పోసి నాననివ్వాలి. మర్నాడు ఎండెక్కాక స్టార్టు చేసి, ఇంజన్ బాగా వేడెక్కేదాకా నడిపి, ఆపి, వైరు తీయాలి. ఆపైన కొంచెం వదులు చేస్తూ, మళ్లీ కొంచెం బిగిస్తూ ఓపికగా తిప్పాలి. 10 మి.మీ. మర ప్లగ్గు సుమారు 35 న్యూటన్ మీటర్ల బలానికే విరగొచ్చు. టార్కు పానా లేకుండా అది చేతికి తెలియదు.

ఇలాంటి కొలతలు మన ఊరి మెకానిక్కుకు ఎవరు చెప్పారు? విరిగితే మాత్రం తప్పు అతనిది, ఖర్చు మనది. 2022లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కుపై కమిటీ వేసి, అందులో వ్యవసాయ పరికరాలనూ చేర్చింది. పోర్టల్ కూడా తెరిచింది. పోర్టల్‌తో ప్లగ్గు ఊడదు. కంపెనీలు సర్వీసు పుస్తకాన్ని తెలుగులో ఇవ్వాలి, ఊరి మెకానిక్కులకు శిక్షణ ఇవ్వాలి. వచ్చే మండల సమావేశాల్లో ఈ రెండు డిమాండ్లపై తీర్మానం పెట్టండి.