గోడ మీది పురుగు ఏ జాతిదో తేల్చండి!

తెనాలి, బాపట్ల, రేపల్లె ఊళ్లలో పుట్టి పెరిగిన తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఇవాళ స్నానాల గదిలో గోడ ఒకసారి పరీక్షగా చూడండి. మెట్ల కింద, బీరువా వెనక, అటక మూలల్లో కూడా చూడండి. దోసగింజలాగా మధ్యలో ఉబ్బి, రెండు కొసలా సన్నబడిన బూడిదరంగు తిత్తి ఒకటి గోడకు అతుక్కుని కనిపించవచ్చు. సున్నం పెళ్ల అనుకుని వదిలేస్తుంటాం. కాసేపు కదలకుండా నిలబడండి. ఒక కొస నుంచి ముదురు గోధుమరంగు తల, మూడు జతల కాళ్లు బయటికి వస్తాయి. తిత్తిని ఈడ్చుకుంటూ అది గోడెక్కుతుంది. చీపురుపుల్లతో తాకితే చటుక్కున లోపలికి పోతుంది. ఓపిక పడితే అవతలి కొస నుంచి తల పెట్టడం కూడా చూస్తారు. ఆ తిత్తికి రెండు వైపులా ద్వారమే.

అది ఒక చిన్న మట్టిరంగు రెక్కల పురుగుకు పిల్ల. మనం పట్టించుకోకపోయినా మన మధ్యే బతుకుతోంది. పాత సాలెగూళ్లు, రాలిన వెంట్రుకలు, ఉన్ని పోగులు, చచ్చిన పురుగుల తునకలు దాని తిండి. మనిషిని కుట్టదు. ఇల్లు కట్టుకునే తీరు చూడాలి మీరు. ముందు పట్టుదారంతో నేల మీద ఒక కమాను కడుతుంది. దాని పైన ఇసుక రేణువులు, తుప్పు పొడి, నూలు పోగులు అద్దుతుంది. లోపలి గోడకు మాత్రం పట్టు తప్ప ఇంకేదీ వాడదు. కమానును సొరంగంలా పొడిగించి, అడుగు కూడా మూసేశాక, తిత్తితో సహా నడక మొదలుపెడుతుంది. కుబుసం విడిచిన ప్రతిసారీ ఇంటిని పెంచుకుంటుంది. పూర్తిగా పెరిగిన తిత్తి పొడవు 8 నుంచి 14 మిల్లీమీటర్లు. చివరికి అందులోంచే రెక్కలతో బయటికి వస్తుంది. ఆడపురుగు రెక్కలు చాపితే 10 నుంచి 13 మిల్లీమీటర్లు, మగది ఇంకా చిన్నది. ముందు రెక్కల మీద నల్లని చుక్కలు, వెనక రెక్కల అంచున పొడవాటి నూగు. రెక్కలు వచ్చాక అది తిండి ముట్టదు.

ఇంతకీ ఇది ఏ జాతి? మీరు తేల్చాల్సింది అదే.

ఇలాంటి తిత్తి మోసే ఇంటి పురుగుల్లో పుస్తకాలకు ఎక్కువగా ఎక్కినవి రెండు. ఒకదానికి 1892లో రెబెల్ పేరు పెట్టాడు: అల్లుటెల్లా. రెండోదానికి 1897లో వాల్సింగ్‌హామ్ పెట్టాడు: యూటెరెల్లా. 1956లో హింటన్, బ్రాడ్లీ అనే ఇద్దరు వీటికోసం ఫీరియోయీకా అనే కొత్త ప్రజాతి ఏర్పాటు చేశారు. ఫ్లోరిడాలో రెండోదాన్నే చాలాకాలం టినియోలా వాల్సింగామీ అనే వేరే పేరుతో పిలిచారు. 1979లో ఆనెట్ ఐయెల్లో పనామాలో అల్లుటెల్లా జీవితచరిత్రను వివరంగా రాసి ప్రచురించింది. ఈ అల్లుటెల్లా ఎక్కడెక్కడ ఉందో చెప్పే పట్టికలో కానరీ దీవులు, సీషెల్స్, శ్రీలంక, జావా, సమోవాల సరసన మన దేశం పేరూ ఉంది. కానీ ఉన్నది "ఇండియా" అనే ఒక్క మాట. ఇంత పెద్ద దేశాన్ని ఒక్క మాటతో సరిపెడితే, అందులో తెనాలి ఉన్నట్టా, లేనట్టా? మన గోడల మీద ఉన్నది అల్లుటెల్లానా, యూటెరెల్లానా, రెండూ కాని మూడోదా? తిత్తిని చూసి చెప్పడం కుదరదు. రెక్కల పురుగును చూసి కూడా చెప్పడం కష్టం.

పూర్వం పని చేసినవాళ్లు తక్కువ పని చేశారని నేను అనను. నీలగిరుల్లో తేయాకు తోట నడిపిన జార్జ్ హాంప్సన్ 1892–96 మధ్య నాలుగు సంపుటాల్లో ఈ ఉపఖండపు రెక్కల పురుగులను వర్ణించాడు. మన పురుగు కుటుంబం, ఆ అతి చిన్నవి, అందులోకి రాలేదు. వాటిని ఎడ్వర్డ్ మెయ్రిక్ అనే బడిపంతులు ఇంగ్లండులో కూర్చుని వేల సంఖ్యలో వర్ణించాడు. మద్రాసు ప్రభుత్వ కీటక శాస్త్రవేత్తగా పనిచేసిన బెయిన్‌బ్రిగ్ ఫ్లెచర్ 1914లో దక్షిణాది పురుగుల మీద పెద్ద పుస్తకమే తెచ్చాడు. ఆ తర్వాత మన పక్కనే, 1945లో, బాపట్ల వ్యవసాయ కళాశాల వచ్చింది. వరిలో తెల్లకంకి తెచ్చే కాండం తొలుచు పురుగు మీద, మినుము పూతను గూళ్లు కట్టే మారుకా మచ్చల పురుగు మీద రైతుకు పనికొచ్చే చదువు అలాంటి చోట్ల నుంచే పుట్టింది. పంట మునిగేటప్పుడు ముందు పంట పురుగునే చూడాలి, అది ధర్మం. అయితే ఎవరికీ నష్టం చెయ్యని పురుగుకు అడిగే దిక్కు ఉండదు. ఆ దిక్కు మీరు కావాలి. దీనికి ఉద్యోగం అక్కర్లేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు.

సంక్రాంతికి ఇల్లు బూజు దులుపుతారు కదా, ఈసారి బూజుకర్ర మీరు పట్టండి. దులపకముందే తిత్తులు ఏరండి. గాజు సీసాలో కొంచెం పాత బూజు, నాలుగు వెంట్రుకలు, ఓ మూల తడి దూది పెట్టి, మూతికి పల్చని గుడ్డ కట్టండి. బయటి దేశాల్లో పెంచి చూసినవాళ్ల లెక్క ప్రకారం గుడ్డు నుంచి రెక్కల దాకా సుమారు రెండున్నర నెలలు. మన కృష్ణా పశ్చిమ డెల్టాలో మే నెల ఎండకు ఎన్నాళ్లు పడుతుంది, పుష్యమాసపు చలికి ఎన్నాళ్లు? రాసిపెట్టండి. సూర్యలంక ఇసుక పక్కన ఉన్న ఇంట్లో తిత్తికీ, తెనాలి నల్లమట్టి మధ్య ఉన్న ఇంట్లో తిత్తికీ రంగు ఒకటేనా? పక్కపక్కన పెట్టి ఫొటో తీయండి.

ఒక జాగ్రత్త. తేదీ, ఊరు, ఇంట్లో ఏ చోట దొరికింది, అక్షాంశ రేఖాంశాలు, పట్టినవారి పేరు లేని పురుగు ఎంత అందంగా ఉన్నా పనికిరాదు. జిల్లా పేరు ఒక్కటే రాసి ఊరుకోవద్దు. 2022 ఏప్రిల్ 4 దాకా బాపట్ల, రేపల్లె, తెనాలి మూడూ గుంటూరు జిల్లావే. ఆ రోజు నుంచి మొదటి రెండూ బాపట్ల జిల్లాలోకి పోయాయి, తెనాలి గుంటూరులోనే ఉండిపోయింది. సరిహద్దులు మళ్లీ మారవచ్చు. అక్షాంశ రేఖాంశాలు మారవు.

ఫోన్ యాప్ చెప్పిన పేరును సాక్ష్యంగా తీసుకోకండి. ఫొటోలు ఐనాచురలిస్ట్‌లో పెట్టండి, మంచిదే. నిజం తేలేది మాత్రం మైక్రోస్కోపు కింద. పురుగు కడుపు భాగాన్ని కాస్టిక్ పొటాష్ ద్రావణంలో నానబెట్టి, కండ కరిగాక మిగిలిన జననాంగాల ఆకారాన్ని ప్రచురితమైన బొమ్మలతో పోల్చాలి. కాస్టిక్ పొటాష్ చర్మాన్ని కాలుస్తుంది కనుక ఈ పని ఇంట్లో వద్దు, మీ కాలేజీ ప్రయోగశాలలో మేష్టారి పక్కన నిలబడి చెయ్యండి. డీఎన్‌ఏ బార్‌కోడ్ చేయించగలిగితే ఇంకా గట్టి రుజువు. అల్లుటెల్లాయే అని తేలినా అది చిన్న సంగతి కాదు. మన డెల్టాలో ఉందని తొలిసారి చేతిలో పురుగు పెట్టి చెప్పినవాళ్లు మీరే కావచ్చు.

ఒక్కరివల్ల అయ్యే పని కాదిది. తెనాలి నుంచి రేపల్లె పోయే బ్రాంచి లైను మీద, బాపట్ల మీదుగా చెన్నై పోయే మెయిన్ లైను మీద ఊరికొకరు చొప్పున లేవండి. ఏటా జూలై చివర్లో ప్రపంచమంతా రెక్కల పురుగుల వారం జరుపుకుంటుంది, 2012 నుంచీ ఉన్న ఆనవాయితీ. వచ్చే జూలైకి మన సీసాలు, మన చీటీలు, మన పటం సిద్ధం కావాలి. వేమూరు ఎవరు చూస్తారు? భట్టిప్రోలు ఎవరిది? పొన్నూరు? నిజాంపట్నం రేవు పక్క ఇళ్లు ఎవరు తిరుగుతారు? పేర్లు ఇవ్వండి!